విప్పొద్దని అమ్మ అనలేదు

ఇబ్రహీంపట్నం,
జూన్ 23

పూజితకు,

నిన్న మీ హాస్టల్‌కు వచ్చిన. తలనొప్పి అని, రానని చెప్పి పంపినవ్. గేటు పక్కన బల్ల మీద చాలాసేపు కూర్చున్న. తెచ్చిన మురుకులు వాచ్‌మన్‌కు ఇచ్చి, దేవరకొండ బస్టాండు దాకా నడిచి, బస్సు ఎక్కిన.

ఫోన్ చేస్తే నా గొంతు పెరుగుతది. రాస్తే పెరగదు. అందుకని రాస్తున్న.

సంగతి నీకు తెలిసిందే. అయినా వరుసగా పెడుత. మీ అమ్మ పోయినంక ఆమె గేమ్ రిమోట్‌ను అద్దాల అల్మారాలో పెట్టి తాళం వేసిన. బాలరాజ్ మామ బస్టాండు దగ్గర వీడియో గేమ్ పార్లర్ నడిపిన రోజుల్లోది. పార్లర్ మూసేటప్పుడు ప్లేస్టేషన్ డబ్బానూ, తన దగ్గరున్న ఒక్క ఒరిజినల్ రిమోట్‌నూ చెల్లెకు, అంటే మీ అమ్మకు ఇచ్చిండు. రెండో రిమోట్ నాది. ఫుట్‌పాత్ మీద కొన్న డూప్లికేట్. మా పెండ్లి అయినప్పటి నుంచి ఈ రెండిటితోనే కార్ల పందెం ఆడుకున్నం. ఆమెది ఆమెకే, నాది నాకే.

మే నెలలో వినీత్ ఇంటికి వచ్చిండు. మా లారీల కాంటా దగ్గర బిల్లులు రాసే వినీత్. అతనికి పాత గేమ్ సామాను జమచేసే పిచ్చి ఉన్నది. అల్మారా తెరిపించి, రిమోట్ చేతిలోకి తీసుకొని, "సార్, ఇది ఒరిజినల్ కాదు" అన్నడు. వైరు కొసన పిన్ను మీద కంపెనీ గుర్తు లేదు. బొటనవేళ్లతో తిప్పే రెండు పుల్లలూ వదులుగ ఉన్నయి.

అల్మారాకు తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర.

ఒక్కటే అడుగుతున్న. అమ్మ రిమోట్ ఏమైంది?

బాపు


దేవరకొండ,
జూలై 2

బాపు,

అడుగుతున్న అని రాసినవ్. మే నెలల ఇంటికాడ నువ్వు అడగలేదు, అన్నవ్. "మీ అమ్మ చేత పట్టిన వస్తువును అమ్ముకున్నవా" అన్నవ్. పక్క గల్లీ స్తుతి ముందర అన్నవ్. స్తుతి వాళ్ల అన్న పాత ఫోన్లు అమ్ముతడు కాబట్టి అందరం కలిసి దొంగలమైనం.

నేను అమ్మలేదు. ఎవరికీ ఇయ్యలేదు. ఇంతకంటె చెప్ప. దసరా సెలవులకు ఇంటికి రాను, కోహెడల అనంతమ్మమ్మ దగ్గరికి పోత. మామ వచ్చి తీస్కపోతనన్నడు.

కని ఒక మాట. నువ్వు బీఎస్సీ చదివినవ్. వినీతన్న వైరు చూసి అన్నడు, నువ్వు నమ్మినవ్. నీ కాంటా మీదికి లారీ ఎక్కితే డ్రైవర్ చెప్పిన బరువు రాసుకుంటవా? తూస్తవ్ కదా. దీన్ని ఎందుకు తూయలేదు?

మామ పార్లర్‌ల అమ్మ డూప్లికేట్లను ఎట్ల పట్టేదో నాకు నేర్పింది. ముందుగాల వెనక స్టిక్కర్ చూడు. ఒరిజినల్‌కు అక్షరాలు సన్నగ, పదునుగ ఉంటయి. డూప్లికేట్‌కు సిరా పాకినట్టుంటది. తర్వాత బటన్లు. త్రికోణం, సున్న, ఇంటూ, చతురస్రం. ఒరిజినల్‌ల ఆ గుర్తులు ప్లాస్టిక్ లోపల ఉంటయి, గోరుకు తగలవు, ఎన్నేండ్లకూ పోవు. డూప్లికేట్‌ల పైన అచ్చేస్తరు, గోరుతోటి గీకితే తెలుస్తది. ఆఖరికి బరువు. ఒరిజినల్ బరువుంటది.

రెండూ తూయి. రెండూ.

పూజిత


ఇబ్రహీంపట్నం,
జూలై 13

పూజితకు,

చేసిన.

స్టిక్కర్ భూతద్దం పెట్టి చూసిన. అక్షరాలు పదునుగనే ఉన్నయి. బటన్లు గోరుతో గీకిన, చాకు మొనతో కూడా చూసిన. గుర్తులు లోపలే ఉన్నయి. ఇక్కడిదాకా ఒరిజినలే.

పిన్ను మీద గుర్తు లేదు. పుల్లలు వదులే. వినీత్ చెప్పింది కూడా నిజమే.

బరువు సంగతి. నా కాంటా మీద లారీ తూగుతది, ఇది తూగదు. భూపాల్ వెండి దుకాణానికి పోయిన. సంచిలో నుంచి రెండు రిమోట్లు తీస్తే అతను కళ్లద్దాలు ఎత్తి చూసిండు.

"ఏంది పరమేశ్వరన్నా, తాకట్టుకు తెచ్చినవా?"

"తూచి చెప్పు, చాలు."

"దీంట్ల వెండి ఉంటదా?"

"ఉండదు."

"మరి నా త్రాసు మీద ఎందుకు? పక్కనే కూరగాయల నర్సింహమ్మ ఉన్నది. ఆమె కాంటా మీద పెడితే వంకాయలన్న కలిపిస్తది."

అయినా తూచిండు. మీ అమ్మది తేలికగ వచ్చింది. నా డూప్లికేట్ దానికంటే బరువు వచ్చింది. త్రాసు తుడిచి మళ్లీ పెట్టించిన. అదే. "నీ డూప్లికేట్ల ఇసుక పోసినరేమో" అన్నడు భూపాల్.

నాకు అర్థం కాలేదు. వస్తువు అయితే అసలన్నా కావాలె, నకిలీ అన్నా కావాలె. ఇది పైన అసలు, కొసన నకిలీ. నా డూప్లికేట్ ఎందుకు బరువున్నదో అదీ తెలియదు. చౌక సామానుకు బరువు కోసం ఇనుప ముక్కలు పెడుతరని వినీత్ అన్నడు. అదే అయి ఉండాలె.

నీకు జవాబు తెలుసని నాకు అనుమానం. తెలిస్తే రాయి.

బాపు


దేవరకొండ,
జూలై 24

బాపు,

భూపాల్ చిన్నాయన మాట చదివి మస్తు నవ్విన. నా రూంమేట్ తిరుమల ఏంది ఏంది అని ఉత్తరం గుంజుకున్నది. ఇప్పుడు మా రూం మొత్తానికి ఈ రిమోట్ కథ తెలుసు. నువ్వు తప్పు అని నలుగురు, వినీతన్న తప్పు అని ఒకామె. నువ్వు రైటు అన్నోళ్లు ఎవ్వరూ లేరు. జర చూస్కో.

తెలుస్తే రాయమన్నవ్. రాయ. నువ్వే చూడాలె.

ఇంకో పరీక్ష ఉన్నది. మామ పార్లర్‌ల కొత్త రిమోట్ల మాల్ వస్తే అమ్మ మొదట ఇదే చేసేదట. అమ్మేటోడు నిలబడి చూస్తుంటె చెమటలు పట్టేవట. కార్ల పందెం పెట్టు. ఎక్స్ బటన్, అదే ఇంటూ గుర్తుది, ఒత్తితే బండి పోతది. ఒరిజినల్‌ల లోపల ఒత్తుడు ఎంతనో పట్టే పొర ఉంటది. మెల్లగ ఒత్తితే బండి మెల్లగ పోతది, గట్టిగ ఒత్తితే జోరుగ పోతది. డూప్లికేట్‌కు ఆ తెలివి లేదు. ముట్టుకున్నవా, ఫుల్ స్పీడే. అమ్మ మలుపు కాడ బొటనవేలు కొంచెం, కొంచెమే సడలించేది. గుర్తున్నదా? బ్రేక్ కొట్టకుంట తిరిగేది. నువ్వేమో గోడకు గుద్దేటోనివి.

రెండిటితోటీ చెయ్యి.

ఇక్కడ అన్నం మంచిగనే ఉన్నది. తలనొప్పి ఆ రోజు నిజంగ లేకుండె.

పూజిత


ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 6

పూజితకు,

అమ్మ పోయినంక టీవీకి ఆ వైర్లు పెట్టలేదు. మొన్న సాయంత్రం పెట్టిన. పసుపు, ఎరుపు, తెలుపు. ఏది ఎక్కడో మరిచిపోయిన అనుకున్న. చేతికి గుర్తున్నది.

అమ్మ రిమోట్‌తో చేసిన. ఎక్స్ బటన్ మీద వేలు ఆనించీ ఆనించకముందే బండి దూకింది. మెల్లగ అన్నదే లేదు. అంటే నకిలీయే.

ఆడుతుంటే ఒకటి గుర్తుకొచ్చింది. పోయినేడు వానాకాలం తర్వాత మీ అమ్మ ఆట మారింది. మలుపుల దగ్గర స్పీడు తగ్గించుడు మానుకున్నది. సరాసరి దూకేది, గుద్దేది, నవ్వేది. నేను పక్కన కూర్చొని, ఈమెకు ఇక భయం పోయింది, జబ్బు ముందర ఇది ఏపాటిది అనుకుంటున్నదని అనుకున్న. అప్పుడు నాకు అది ధైర్యం ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

నాదాన్ని పరీక్షించలేదు. డూప్లికేట్ అని తెలిసిందే, దాన్ని పరీక్షించి లాభమేంది?

ఒక్కటి చెప్పు. ఒరిజినల్ ఎవరి దగ్గరున్నది? వాపస్ అడగను. ఆడే వాళ్ల చేతిలో ఉన్నదని తెలిస్తే చాలు.

బాపు


దేవరకొండ,
ఆగస్టు 14

బాపు,

రెండిటితోటీ చెయ్యమని రెండుసార్లు రాసిన. తూసుడు రెండిటినీ తూసినవ్, తక్కినయన్నీ ఒక్కదానికే చేసినవ్. నీది డూప్లికేట్ అని నీకు తెలుసు. నేను అమ్ముకున్న అని కూడా నీకు ముందే తెలుసు కదా. ముందే తెలిసినోనికి పరీక్షలెందుకు?

ఎవరి దగ్గరున్నది అని అడిగినవ్. ఆ మాట చదివి నేను బాత్రూంల పోయి ఏడ్చిన. కోపం పోయిందని కాదు.

విను. చెప్పొద్దని అమ్మ నా దగ్గర మాట తీసుకున్నది. నేను చెప్ప. అయితే విప్పొద్దని అమ్మ అనలేదు.

టీవీ కింది డ్రాయర్ల చిన్న స్క్రూడ్రైవర్ ఉన్నది. రెండూ విప్పు. వెనక దిక్కు పైకి పెట్టి విప్పు, లేకుంటె బటన్లు, రబ్బర్లు కిందపడి దొరకవు.

ఒరిజినల్ లోపల ఎక్స్‌రే ఫిల్మ్ లెక్క సన్నటి పారదర్శకపు పొర ఉంటది, దాని మీద గీతలుంటయి. చేతిల అదిరేటందుకు రెండు మోటర్లు ఉంటయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. డూప్లికేట్‌ల ఆకుపచ్చ బోర్డు, రెండు మోటర్లూ చిన్నయే.

పూజిత


ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 24

అమ్మా పూజితా,

విప్పిన. వినీత్ నేనూ వస్తనన్నడు. వద్దన్న.

మొదట అమ్మది. ఆకుపచ్చ బోర్డు, రెండు చిన్న మోటర్లు. అనుకున్నదే. అయితే పై డొల్ల లోపల బోర్డును నిలబెట్టే ప్లాస్టిక్ గుంజలు రెండు ఎవరో కోసినరు. కూరగాయల కత్తితో కోసినట్టు వంకరగ ఉన్నయి. బోర్డు కదలకుండ దూది కుక్కి తెల్ల టేపు వేసినరు. ఆ టేపు నాకు తెలుసు. సెలైన్ సూది మీద వేసేది. మన ఇంట్లో డబ్బాల కొద్దీ ఉండె.

తర్వాత నాది విప్పిన.

నువ్వు చెప్పిన పొర ఉన్నది. దాని మీద గీతలు. పెద్ద మోటరు, చిన్న మోటరు. ఇక్కడా గుంజలు కోసి ఉన్నయి, ఇక్కడా అదే టేపు. వైరు కొసన పిన్ను చూసిన. గుర్తు ఉన్నది. ఇన్ని దినాలు అది నా చేతిలోనే ఉన్నది, నేను పిన్ను తిప్పి చూడలేదు.

నీ పరీక్ష కూడా చేసిన. మెల్లగ ఒత్తితే బండి మెల్లగనే పోయింది.

మీ అమ్మ ఆట మారిన ఆ నెలల్లో నా బండి చెప్పినట్టు వినేది. ఇన్నేండ్లకు ఆట వచ్చింది అనుకున్న. "నేర్చుకున్నవ్ మొత్తానికి" అని మీ అమ్మ కూడా అన్నది. ఆ మాట అంటూ నీ దిక్కు చూసింది. ఎందుకు చూసిందో అప్పుడు అడగలేదు.

అమ్ముకున్నవా అన్నది తప్పు. స్తుతి ముందర అన్న కాబట్టి స్తుతి ముందరనే చెప్త.

నువ్వు మాట తప్పలేదు. నేనే విప్పి చూసుకున్న. ఇక చెప్పొచ్చు. అమ్మ ఎందుకు మార్పించింది?

బాపు


దేవరకొండ,
సెప్టెంబర్ 3

బాపు,

చెప్త. మధ్యల ఆపకుంట చదువు.

నాలుగో కీమో అయినంక అమ్మ వేళ్లు మొద్దుబారినయి. కరివేపాకు దూస్తుంటె ఆకు చేతులకెళ్లి జారిపోయేది. "గ్లౌజులు తొడుక్కున్నట్టున్నది పూజీ, వేడి సల్ల తెలుస్తలేదు" అన్నది. నీకు చెప్పలేదు. ఆ సాయంత్రం ఆటల అమ్మ బండి ముందటికి పోలేదు. నువ్వు, "ఏంది త్రివేణీ, పెట్రోల్ కొట్టియ్యలేదా?" అన్నవ్. అమ్మ నవ్వింది. నీకు గుర్తుండదు. బటన్ ఎంత ఒత్తుతున్నదో వేలికి తెలుస్తలేకుండె. ఒత్తిన అనుకున్నది, బండి పాకింది. పుల్ల గూడ గట్టిగ ఉండె, తిరగలేదు.

తెల్లారి నువ్వు కాంటకు పోయినంక స్క్రూడ్రైవర్ తెమ్మన్నది. నాకు భయమైంది.

"దవాఖానకు పోదామమ్మా."

"గురువారం ఎట్లనూ పోతున్నం. డాక్టరుకు చెప్పిన, మందులతోటి అట్లనే అయితదన్నడు. మీ బాపుకు చెప్తె ఏమైతదో తెలుసా? డాక్టరును ఇరవై సవాళ్లు అడుగుతడు. ఇంటికొచ్చి నా వేళ్లు ఒత్తుకుంట కూసుంటడు. ఆటకు మాత్రం కూసోడు."

"కూసుంటడు."

"కూసోడు. ఓడిపోయినట్టు చేస్తడు. అది ఇంకా పాడు. పూజీ, పొద్దంత పేషెంటునే. మాపటీలి గా జరసేపన్న ఆయనను ఓడగొట్టే పెండ్లాన్ని కావాలె."

అందుకని రెండిటి పొట్టలు మార్చినం, లోపలి బోర్డు, మోటర్లు, పుల్లలు, వైరుతోటి సహా. డూప్లికేట్‌కు వేలు ఆనితే చాలు కదా, బలం తెలువనక్కర లేదు. పుల్లలు గూడ వదులు. పై డొల్ల మాత్రం ఎవరిది వాళ్లకే. డొల్ల మారితే నువ్వు కనిపెడుతవని. అమ్మ మంచం మీద కూసొని చెప్పింది, పట్టని కాడ కోసి, కదలకుంట టేపు వేసి నేను చేసిన. పార్లర్‌ల మూడు పాడైనయి కలిపి ఒకటి బతికించేవాళ్లట, గదే పని ఇది అన్నది. ఒక స్క్రూ అమ్మ చేతులకెళ్లి పడ్డది. మంచం కింద వెతుకుతుంటె, పైకెళ్లి అమ్మ చప్పుడు ఇనవడ్డది. ఏడుస్తున్నదేమో అనుకొని నేను లేవలేదు. లేచి చూస్తె నవ్వే.

"బాపుకు ఫరక్ తెలుస్తదేమో" అన్న.

"తెల్వదు. మీ బాపు లారీలు తూస్తడు, రిమోట్లు తూయడు. ఒరిజినల్ పొట్ట ఆయనకు పోతది కదా, జర గెలవనీ పాపం. చెప్పకు. నేను లేకున్నా చెప్పకు" అన్నది.

నువ్వు అమ్ముకున్నవా అన్నప్పుడు చెప్పాలని నోటిదాక వచ్చింది. అమ్మకు మాటిచ్చిన. నువ్వు తిట్టినవ్ అని మాట తప్పుతనా?

నీకు ధైర్యం ఇచ్చిందని రాసినవ్ కదా, మలుపుల కాడ దూకుడు. అది ధైర్యం కాదని ఇప్పుడు తెలిసింది. బాధపడుతున్నవా?

పూజి


ఇబ్రహీంపట్నం,
సెప్టెంబర్ 15

పూజీ,

ఉత్తరం కాంటా దగ్గర చదివిన. చదివేటప్పుడు కంకర లారీ ఒకటి కాంటా ఎక్కి నిలబడ్డది. డ్రైవర్ బిక్షం హారన్ కొట్టి కొట్టి, దిగి వచ్చి, నా ముఖం చూసి, మళ్లీ పోయి బండిలో కూర్చున్నడు. నేను పిలిచిందాకా రాలేదు.

బాధపడుతున్ననా అని అడిగినవ్. అవ్. అయితే నువ్వు అనుకున్న దానికి కాదు. డాక్టరును ఇరవై సవాళ్లు అడుగుత అన్నది నిజమే. ఆటకు కూర్చోను అన్నది కూడా నిజమే. నన్ను ఆమె సరిగ్గనే తూచింది.

స్తుతి ఇంటికి పోయిన. ఆమె ముందర, వాళ్ల అన్న ముందర చెప్పిన. ఆ పిల్ల ఏడ్చింది. వాళ్ల అన్న చాయ్ తాగించి, ఒక పాత ఫోన్ చూపెట్టి, "తీస్కో అంకుల్, గ్యారంటీ ఒరిజినల్" అన్నడు. విప్పి చూస్తనంటే మళ్లీ లోపల పెట్టిండు.

ఎవరి పొట్ట వాళ్ల డొల్లలో పెడదామని కూర్చున్న. పెట్టలేదు. ఆమె మార్చినట్టే బిగించిన. టేపు కూడా అదే. అల్మారా తాళం తీసేసిన.

ఇప్పుడు ఒక అనుమానం పట్టుకున్నది. నాలుగు దినాల నుంచి విడుస్తలేదు.

ఆమె రిమోట్‌తో ఘాట్ రోడ్డు పందెం ఆడుతున్న. దాంతో మెల్లగ పోవుడు కుదరదు, నువ్వే రాసినవ్. మొదటి మలుపు బ్రేక్ కొట్టి తిప్పిన. రెండోది గుద్ది తిరిగిన. మూడోది లోపలికి ముడుచుకున్న మలుపు. బ్రేక్ కొడితే వెనకబడుతున్న, కొట్టకపోతే లోయలో పడుతున్న. వినీత్‌ను పిలిచి ఇచ్చిన. అతనూ పడ్డడు. దీంతో ఎవరి వల్లా కాదు సార్ అన్నడు.

కానీ అయింది. పోయినేడు దీపావళి ముందు మీ అమ్మ అదే పందెంలో, ఇదే రిమోట్‌తో నన్ను ఓడగొట్టింది. మూడో మలుపులో లోపలికెళ్లి నన్ను దాటింది. నేను ఓడినట్టు చేయలేదు, ఒట్టు. నా చేతిలో ఒరిజినల్ ఉన్నది, ఆ నెలంతా మంచిగ ఆడుతున్న. అయినా దాటింది.

వేళ్లకు తెలివి లేదు. రిమోట్‌కూ తెలివి లేదు. ఎట్ల తిప్పింది? నువ్వు పక్కనే ఉన్నవ్. చూసి ఉంటవ్.

దసరాకు కోహెడ పోతనంటే పో. మామకు చెప్పిన మాట ఉండనీ. ఇది మాత్రం రాయి.

బాపు


దేవరకొండ,
సెప్టెంబర్ 22

బాపు,

చూసిన. అమ్మ ఆ మలుపు కోసం నువ్వు లేనప్పుడు వారం దినాలు కష్టపడ్డది. చేతుల పట్టుకుంటె కాదని రిమోట్‌ను దిండు మీద పెట్టేది. ఎక్స్ బటన్‌ను ఒత్తి పట్టుకోకపోయేది. చూపుడువేలు, నడిమివేలు కలిపి దాని మీద కొట్టేది, డప్పు మీద సన్నపుల్ల ఆడినట్టు. కొట్టుడు దగ్గర దగ్గర అయితే జోరు, దూరం దూరం అయితే మెల్లగ. ఫుల్ స్పీడు ముక్కలు ముక్కలు చేసి మెల్లగ చేసింది. వేలికి తెలువకున్నా చెవికి ఇనవడ్తది అన్నది. మలుపుకు ఎన్ని దెబ్బలో చప్పుడు తోటి పట్టుకున్నది. ఆ రోజు నువ్వు, "ఏందా టకటక, టీవీ మాట ఇనవడనియ్యవా" అన్నవ్.

ఇంతకంటె రాస్తె నీకు రాదు. ఇది చెప్పేది కాదు, కొట్టి చూపించేది.

ఆదివారం రా. రెండు రిమోట్లు, డబ్బా, వైర్లు అన్నీ తే. దిండు ఇక్కడ ఉన్నది. మా డైనింగ్ హాల్ టీవీ వెనక మూడు రంగుల బొక్కలున్నయి, కుర్చీ ఎక్కి చూసిన. వార్డెన్ మేడంను గూడ అడిగిన. కళ్లద్దాలకెళ్లి నా దిక్కు చూసి, "మీ బాపు ఇంత దూరం ఆడుకోనీకె వస్తుండా?" అన్నది.

"కాదు మేడం, నేర్చుకోనీకె" అన్న.

పూజి